జొన్నకు లేని పరాయితనము

చలికాలము ప్రవేశించిన పిదప నొక యుదయమున అమీన్‌పూరు పెద్దచెరువు కట్టమీద నిలిచి చూచువారికి నీటిపై బాతుల గుంపులు కానవచ్చును. వానిలో కొన్ని మన చెరువులలోనే పుట్టి పెరిగినవి. కొన్ని మధ్య ఆసియా మైదానములను, సైబీరియా చలినేలలను విడిచి, కొండలు దాటి వచ్చినవి. వానిని ప్రవేశపత్రము చూపుమనువాడు లేడు. ఎన్నిదినము లుందువని యడుగువాడు లేడు. పైపెచ్చు, ఈ చెరువునందలి పక్షిసంపదను జీవసంపదను గుర్తించి 2016లో ప్రభుత్వమువారు దీనిని జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించిరి. వలసపక్షి మన చెరువునకు బిరుదు తెచ్చిపెట్టినదన్నమాట.

అదే కట్టమీద ఉదయపు నడకకు వచ్చువారిలో అప్పుడప్పుడు పరదేశపు మనుష్యులును కనిపించుచుందురు. పక్షికి దొరకిన యాదరము ఈ మనిషికి దొరకుచున్నదా? ఈ ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని ఒక జాతి సంస్కారమును కొలువదలచినవారు దాని సభలలోని యుపన్యాసములను వినుటకంటె, అచ్చట బ్రతుక వచ్చిన యొక పరాయివాని సామాన్యదినము తెల్లవారినది మొదలు ప్రొద్దుక్రుంకువరకు ఎట్లు గడచునో చూచుట మేలు. మన సంగతిని ఆ కొలతతోనే యొకసారి కొలిచికొందము.

ఈ ప్రాంతమునకు పరదేశి క్రొత్తవాడు కాడు. పూర్వపు మెదకు జిల్లాలో ఇంగ్లండునుండి వచ్చిన చార్లెస్ పాస్నెట్ అను మతగురువు, కరవుకాలమున కూలి కల్పించి ధాన్యమిచ్చి ప్రజలచే కట్టించిన మహామందిరము 1924లో ప్రారంభమై నేటికిని మెదకునందు నిలిచియున్నది. పటాన్‌చెరువునందు 1972లో అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనాసంస్థ వెలసినది. మనవారు దానిని ఇక్రిశాట్ అని పిలుతురు. దానికి సుమారు 3,500 ఎకరముల భూమి నీయబడినది. ఆ భూమికొరకు మన్మూలు, కాచిరెడ్డిపల్లి అను రెండు గ్రామముల ప్రజలు తమ తావులను విడిచి పోయిరి. ఈ త్యాగమును మరచి ఆ సంస్థ చరిత్రను చెప్పుట న్యాయము కాదు. దాని మొదటి యధిపతి అమెరికాదేశస్థుడగు రాల్ఫ్ కమ్మింగ్స్. తరువాతివాడు న్యూజీలాండువాడగు లెస్లీ స్విండేల్. 2000 మొదలు 2014 వరకు ఫిలిప్పీన్సు దేశస్థుడగు విలియం దార్ ఆ పదవియందుండెను. 2025లో హిమాంశు పాఠక్ అను మన దేశస్థుడు దాని బాధ్యతను స్వీకరించెను. ఇప్పుడు రుద్రారమునందు జపానువారి తోషిబా సంస్థ విద్యుత్తు ట్రాన్సుఫార్మర్లను తయారుచేయుచున్నది. కందియందలి ఐ.ఐ.టి. నిర్మాణమునకు జపాను ప్రభుత్వము సాయపడినది. కాబట్టి నైరోబీవాడును, టోక్యోవాడును, మనీలావాడును బీరంగూడ సంతలో వంకాయలు బేరమాడుట నేడు వింతవిషయము కాదు.

అట్టివాని దినము కాగితముతో మొదలగును. దీర్ఘకాలపు వీసాతో వచ్చిన సామాన్య పరదేశి వచ్చిన 14 దినములలో తన రాకను నమోదు చేయించుకొనవలెను. వానికి బస యిచ్చినవాడు 24 గంటలలో అధికారులకు తెలుపవలెను. ఇందు తప్పు పట్టుటకేమియు లేదు. ప్రతి రాజ్యమును తన గుమ్మమున నెవరున్నారో యెరుగగోరును. కాని యొక చిత్రమున్నది. పరదేశి యనగా నెవడో నిర్ణయించిన చట్టము మనదేశమున 1946లో చేయబడినది. అనగా పరదేశులే మనల నేలుచున్న దినములలో! మనలను మన యింటనే పరాయివారిని చేసినవారి నీడలో పుట్టిన యా చట్టము, స్వరాజ్యము వచ్చిన పిదపను డెబ్బది యెనిమిదేండ్లు బ్రతికి, 2025 సెప్టెంబరు 1న క్రొత్త చట్టమునకు తావిచ్చినది. చట్టము మారినది. చూపు మారినదా యన్నది వేరు ప్రశ్న.

కాగితము ముగిసిన పిమ్మట బజారు. పరదేశికి చాయ దుకాణమున ఐదువందల నోటు చేతనుండును గాని చిల్లర యుండదు. చుట్టునున్నవారందరు ఫోను చూపి చెల్లించి పోవుచుందురు. వానికి బ్యాంకు ఖాతా యింకను తెరవబడలేదు. దుకాణదారుడు తల నడ్డముగా నూపును. అది ఔననియా, కాదనియా? నెల గడచినను వానికి తెలియదు. కుళాయి బాగుచేయువాడు "రేపు వస్త" ననును. రేపు అను మాటకు తెలుగునేలపై నొక దినము కాదు, ఒక సదుద్దేశము మాత్రమే యర్థమని వాడు మూడు వారములకు గ్రహించును. పొరుగింటి ముసలమ్మ "తిన్నవా బిడ్డా?" యని యడిగిన, భోజనమునకు పిలుచుచున్నదని భ్రమించి గుమ్మమెక్కును, ఆమెయు కాదనలేక నిజముగనే విస్తరి వేయును! జీతమెంత, పెండ్లి యైనదా, పిల్లలెందరు అని ఆటోవాడు మొదటి మైలులోనే యడుగును. తన దేశమున తోబుట్టువులైనను అడుగని ప్రశ్నలివి. మొదట వాడు నొచ్చుకొనును, తరువాత నవ్వును, ఏడాది గడచినపిదప సెలవుపై స్వదేశమునకు పోయినప్పుడు, అచ్చట నెవ్వరును తన్నేమియు నడుగుట లేదని దిగులు పడును.

గ్రంథములనుండి నేర్చిన తెలుగు వానికి పటాన్‌చెరువు బస్సు నిలుపుచోట నక్కరకు రాదు. "మీరెచ్చటికి పోవుచున్నారు" అని వాడు కంఠస్థము చేసికొనియుండ, "యాడికి వోతున్నవన్నా" యని వినబడును. నాలుగడుగులు వేసినచో దక్కనీ ఉర్దూ. పారిశ్రామికవాడ ద్వారముచెంత ఒరియా, భోజపురి. అయినను వంకరటింకరగా నొక్క తెలుగుమాట పలికిన పరదేశిని జూచి మనవారు పడు సంతోషమునకు మేర లేదు. కూరగాయల గంపయొద్ద కొత్తిమీరకట్ట యొకటి యూరక దొరకును, పెండ్లిపిలుపు వచ్చును, పెండ్లిలో వధూవరుల ప్రక్కన నిలువబెట్టి బొమ్మ తీయుదురు. ఇదంతయు మనలోని మంచి. దీనిని తక్కువచేసి చెప్పు నుద్దేశము మాకు లేదు.

ఇక చేదు సంగతి. కొంతకాలము క్రిందట మేమొక సాయంకాలము అమీన్‌పూరు నందలి యొక మిత్రుని యరుగుపై కూర్చుండియుండగా, ఇండ్లు కుదిర్చెడి మధ్యవర్తి యొకడు వచ్చి, విదేశపు శాస్త్రజ్ఞుడొకనికి పైయంతస్తు కావలెనని చెప్పెను. జీతము మంచిది, అద్దె యాలస్యము కాదు, పదకొండు నెలల ఒడంబడికకు సిద్ధమనెను. మిత్రుడు చదువుకొన్నవాడు, పది యెకరముల భూవసతి గలవాడు, నలుగురిలో మర్యాదస్థుడు. ఆయన యడిగిన ప్రశ్న యొక్కటే: "తెల్లాయనా, నల్లాయనా?" ఆఫ్రికావాడని మధ్యవర్తి చెప్పెను. ఇల్లు అప్పుడే మేనల్లుని కిచ్చితిననెను మిత్రుడు. ఆయనకు మేనల్లుడు లేడని మేమెరుగుదుము. ఆయనయు మేమెరుగుదుమని యెరుగును. ఆ రాత్రి మేమును నోరు మెదపక భోజనము చేసి వచ్చితిమి. ఆ మౌనముయొక్క అప్పును తీర్చుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తెల్లవానికి కుర్చీ, నల్లవానికి ప్రశ్న. మొదటివానికి "దొర" యను పేరు, రెండవవానికి అనుమానము. ఈ భేదము మన వేదములలో లేదు, మన రైతులలో లేదు. ఇది రెండు శతాబ్దముల దాస్యము మన కనురెప్పలక్రింద వదలిపోయిన నలుసు. తెల్లవాని రాజ్యము పోయినది; తెల్లదనముయొక్క రాజ్యము మన యద్దె యిండ్ల గుమ్మములయొద్ద నింకను సాగుచున్నది. అతిథిని రంగుతో తూచి యిచ్చు మర్యాద మర్యాద కాదు, అది బేరము.

ఆ రాత్రి మా మిత్రుని విస్తరిలో నేమున్నదో చెప్పిన, వాదము తానే తేలిపోవును. జొన్నరొట్టె, మిరపకారము, వేరుసెనగ పచ్చడి, కందిపప్పు. జొన్న యెచ్చటిది? ఈశాన్య ఆఫ్రికాయందు, నేటి సూడాను ప్రాంతములలో మనుష్యుడు దానిని మొదట సాగుచేసెను. సజ్జ సహారా యెడారి దక్షిణపుటంచున నున్న మాలీ ప్రాంతములనుండి వచ్చినది. రాగి ఇథియోపియా, ఉగాండా మెట్టభూములది. వేల యేండ్ల క్రిందట ఏ నావికుడో, ఏ పశువులకాపరియో తెచ్చిన గింజలివి. మిరపయు వేరుసెనగయు అమెరికాఖండమునందు పుట్టి, బుడతకీచుల యోడల కాలమున సముద్రములు దాటి మనకు చేరినవి. ఆ విస్తరిలో నాలుగింట మన గడ్డపై పుట్టినది కంది యొక్కటే. అదియు నిచ్చటనే యుండలేదు. తూర్పు ఆఫ్రికాకు పోయి, ఇప్పుడు మొజాంబికు, మాలవీ, టాంజానియాల పొలములనుండి మరల మన యోడరేవులకు వచ్చుచున్నది.

నల్లవానికి గదిలేదన్న యింటిలో నల్లవాని గింజ ప్రతిరాత్రియు విస్తరినిండ వడ్డింపబడుచున్నది. మన తాతలు జొన్నను నీ రంగేమి యని యడుగలేదు. నీటికొరతకు నిలుచునా, పసులకు చొప్ప యిచ్చునా యని చూచిరి, నిలిచినది, ఇచ్చినది, అంతట దానిని సంకటిగా, గటకగా, రొట్టెగా తమదాని చేసికొనిరి. సూడానునుండి వచ్చిన శాస్త్రజ్ఞుడు పటాన్‌చెరువులో జొన్నరొట్టెను చూచినచో దానిని పరదేశపు తిండి యనుకొనడు. తన యూరిలో తల్లి పులియబెట్టిన జొన్నపిండితో పలుచగా పోసిన కిస్రా జ్ఞప్తికి వచ్చును. మన యూళ్లలో వానికి మొదట పరిచితముగా తోచునది మనిషి కాదు, పంట!

ఈ సంగతి భూవసతి గల మన పాఠకులకు మరి యొక విధముగను తెలియును. కందిచేను ఎండుతెగులుతో నిలువునా మాడిపోవుట చూచినవారు, 1993లో వచ్చిన ఆశ యను వంగడమును మరువరు. అది ఇక్రిశాట్ క్షేత్రములనుండి వచ్చినది. ఆ సంస్థ విత్తననిధిలో 140కి పైగా దేశములనుండి సేకరించిన లక్షకు మించిన విత్తనపు రకములు చలిగదులలో భద్రపరుపబడియున్నవి. ఎచ్చటి గింజకైనను అచ్చట చోటున్నది; ఏ దేశపు గింజయు మరియొకదానిని మైలపరుచుట లేదు. ఆ విత్తనపు గదికి నాలుగు మైళ్ల దూరములోనే మనిషికి మాత్రము గది లేదనుట ఎంతటి విడ్డూరము!

అయితే పరదేశికిని విధులున్నవి. ఇరువదియేండ్లు ప్రహరీగోడల లోపల కాపురముండి, వంటవాని పేరును కారు నడుపువాని పేరును తప్ప నొక్క తెలుగుమాట నేర్వకుండ తరలిపోయినవారును ఉన్నారు. వారు ఇచ్చట పనిచేసిరే గాని, ఇచ్చట బ్రతుకలేదు. తెలుగు నేర్చి, నిఘంటువు కూర్చి, వేమన పద్యములను వెదకి అచ్చువేయించిన బ్రౌను దొర పాలకవర్గపు టుద్యోగియే. అయినను మన భాషకు ఋణపడి, ఆ ఋణమును తీర్చుకొనిపోయెను. ఇక్రిశాట్ ఆర్థికశాస్త్రజ్ఞులు 1975 మొదలు పాలమూరు జిల్లా ఔరేపల్లి, దోకూరు గ్రామములలో ఇంటింటి రాబడి వ్యయములను, పంటలను, అప్పులను ఏండ్ల తరబడి వ్రాయించిన లెక్కలు నేటికిని ప్రపంచమున విద్వాంసులకు ఆకరములు. రచ్చబండ యెక్కిన పరదేశి యట్లు లాభము పొందును, లాభము కలిగించును. గోడచాటువానికి ఆ రెండును లేవు.

పరదేశిని గూర్చి యింత చెప్పి, మన దేశస్థుడేయై యుండియు ఈ నేలపై పరదేశికంటె పరాయివాడైన మనిషిని విడుచుట పాపమగును. పాశమైలారము, బొల్లారము, గడ్డపోతారము కర్మాగారములలో పనిచేయు ఒరిస్సా, బీహారు, జార్ఖండు కూలీలకు వీసా యక్కరలేదు, వోటున్నది, రాజ్యాంగము వారికిని మనకును ఒక్కటే. అయినను పదిమంది యొక రేకులగదిలో వంతులవారీగా నిద్రించుచున్నారు. 2025 జూన్ 30న పాశమైలారమున నొక కర్మాగారమునందు జరిగిన ప్రేలుడులో నలువదిమందికి పైగా మరణించిరి. వారిలో పెక్కుమంది ఇట్లు దూరమునుండి వచ్చినవారే. శరీరముల ఆనవాలు పట్టుటకు డీఎన్ఏ పరీక్షలు కావలసివచ్చెను. బంధువులు తెలియని యూరిలో, తెలియని భాషలో, ఆసుపత్రి గుమ్మములయొద్ద దినముల తరబడి కాచుకొనియుండిరి. వలసకూలీల పట్టిక యుంచవలెననియు, ప్రయాణపు ఖర్చు నీయవలెననియు 1979లోనే చట్టమున్నది. ఇప్పుడది 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన నూతన కార్మికస్మృతులలో లీనమైనది. పట్టిక చట్టములో నున్నంతమాత్రమున చాలదు. ద్వారముచెంత నుండవలెను, అందు ప్రతి మనిషి పేరును ఉండవలెను.

"మనకేల ఈ గొడవ? వచ్చినవారు వత్తురు, పోయినవారు పోదురు" అని తలచువారికి ఒక్క మాట. తెలుగువాడు తానే యాసియాఖండమున గొప్ప పరదేశి. కోరంగి రేవున నోడయెక్కి బర్మాకు పోయిన మన కూలీలను అచ్చటివారు కొరంగీలని పిలిచిరి. ఊరి పేరు తిట్టుగా మారినది. 1931 జనాభా లెక్కలలో రంగూను వాసులలో సగమునకు పైగా భారతీయులుండిరి. ఆ రేవున బరువులు మోసినవారు మన తెలుగువారు. 1930 మేనెలలో రేవుపని విషయమై చెలరేగిన కలహమున వారు వీధులలో వేటాడబడి చంపబడిరి. 1942లో జపానుసేనలు వచ్చినపుడు లక్షలమంది అడవులగుండ నడచి వచ్చిరి. ఎందరో త్రోవలోనే రాలిపోయిరి. నేడును సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతములలో పశ్చిమాసియాకు కొడుకును పంపని వీథి లేదు. కఫాలా యను పద్ధతిక్రింద యజమాని యనుమతి లేనిదే పని మారరాదు. పాసుపోర్టు తన చేతిలో నుండదు. ఖతరు దేశము 2020లో ఆ యనుమతి నిబంధనను తీసివేయగా మన గ్రామములందు సంతోషించితిమి. అచ్చట మనవానికి ఏ న్యాయము కోరుచున్నామో, ఆ న్యాయమును అమీన్‌పూరులో నిరాకరించుటకు మనకు నోరెట్లు వచ్చును?

జాతీయభావము గలవారు పరదేశి పక్షమున మాటలాడుట తగునా యని కొందరు సందేహింపవచ్చును. తగును, వారికే తగును. మన పెద్దలు పరాయి పాలనతో పోరాడిరి గాని పరాయి మనిషితో కాదు. ఫిజీ చెరకుతోటలలో మన కూలీల దుర్దశను 1915లో స్వయముగా పోయి చూచి లోకమునకు చాటిన దీనబంధు ఆండ్రూస్ ఇంగ్లీషువాడు. తలుపు తట్టువానికిని తలుపు విరుగగొట్టువానికిని భేదము తెలిసినదే స్వరాజ్యము.

ఇక చేయవలసిన దేమన, గొప్ప కార్యము లేదు. ఇల్లుగల గృహస్థులు అద్దె, ముందుగా తీసికొను సొమ్ము, ఒడంబడిక అందరికి నొకటిగా నుంచవలెను. తమ యింటి నియమములేవైన నున్నచో ముఖము చూచి యూహింపక మాటగా చెప్పి, ఒప్పుకొన్నవానికి గది నీయవలెను. పోలీసువారి బెడద యని వెనుదీయువారు తెలిసికొనవలసినదేమన, చట్టము కోరునది 24 గంటలలో నొక్క సమాచారము. దాని నిచ్చినవానికి భయము లేదు. కర్మాగారముల యజమానులు తమ కూలీల పేళ్లను ప్రమాదము జరిగిన పిదప వెదకుట గాక ముందే వ్రాసియుంచవలెను. మా వంటివారము మిత్రుని యరుగుపై మౌనము వహింపరాదు.

తెలుగున సెలవు తీసికొనువాడు "పోతున్నాను" అనడు. "పోయి వస్తాను" అనును. పొరుగింటి ముసలమ్మ పరదేశికి మొదట దిద్దు తప్పు ఇదియే: "పోతననొద్దు బిడ్డా, పోయొస్తనను." ఇంతకంటె గొప్ప అతిథిధర్మము ఏ చట్టములోను వ్రాయబడలేదు. అమీన్‌పూరు చెరువున దిగిన బాతులు ఎండలు ముదురగనే పోయి, మరుసటి చలికి మరల వచ్చును. చెరువు తమ్ము రంగు అడుగదని వానికి తెలియును. మన యిండ్లను గూర్చియు అట్లే తెలియునట్లు మనము నడుచుకొనవలసియున్నది.